పాలు మాన్పించడం ఒక్క రోజు పని కాదు, ఒక్క పనీ కాదు

బెంగళూరులో మారతహళ్లి, కృష్ణరాజపురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు తెలుగువాళ్లు ఎక్కువ. ఆ అపార్ట్‌మెంట్లలో ఏడాది దాటిన బిడ్డ ఉన్న ఇంటికి ఒక ప్రశ్న తప్పదు: "ఏమ్మా, ఇంకా పాలు మాన్పించలేదా?" అనంతపురం నుంచి వీడియో కాల్‌లో అత్తగారు అడుగుతారు. పార్కులో పక్క ఫ్లాటావిడ అడుగుతుంది. డే కేర్‌లో ఆయా అడుగుతుంది. పిల్లల డాక్టరేమో "రెండేళ్ల దాకా ఇవ్వండి" అంటారు. రెండు నెలల తర్వాత బరువు చూసి ఆయనే "పాలు తగ్గించండి, అందుకే అన్నం తినట్లేదు" అంటారు. తల్లికి తల తిరిగిపోతుంది.

నిజానికి వీళ్లలో అబద్ధం చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఒక్కొక్కరు ఒక్కో పని గురించి మాట్లాడుతున్నారు, అంతే. అవి మూడున్నాయి. మొదటిది, తల్లిపాలకు తోడుగా తిండి మొదలుపెట్టడం. అన్నప్రాశనతో మొదలయ్యేది ఇదే. డాక్టర్లు దీన్ని అనుబంధాహారం అంటారు. రెండోది, సీసా మాన్పించడం. అందులో ఉన్నవి డబ్బా పాలా, ప్యాకెట్ పాలా, తల్లి పిండి పెట్టిన పాలా అన్నది వేరే సంగతి. ఇక్కడ గొడవంతా సీసాతోనే. మూడోది, రొమ్ము మాన్పించడం. మొదటిది ఎప్పుడన్నది బిడ్డ ఒంట్లోని ఇనుము నిల్వ తేలుస్తుంది. రెండోదాన్ని పళ్లూ ఆకలీ తేలుస్తాయి. మూడోది చాలావరకు తల్లి ఒంటిని, ఆమె ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఒకదానికి చెప్పిన గడువు ఇంకోదానికి అంటగట్టడంతోనే ఇంట్లో తగువులు మొదలవుతాయి.

## చట్టం 182 రోజులంటుంది, డాక్టరు 180 అంటారు

ఆరు నెలలు, అంటే 180 రోజులు, తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన డాక్టర్లూ అదే చెబుతారు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో 26 వారాల సెలవు వచ్చింది. అంటే 182 రోజులు. చూడటానికి లెక్క సరిపోయినట్టే ఉంది.

కానీ ఆ 26 వారాలు కాన్పు రోజున మొదలు కావు, సెలవు పెట్టిన రోజున మొదలవుతాయి. కాన్పుకు ముందే 8 వారాల దాకా వాడుకోవచ్చు. తొమ్మిదో నెలలో రింగ్ రోడ్డు మీద క్యాబ్‌లో కుదుపులు పడలేక ఒకామె 3 వారాలు ముందే సెలవు పెట్టిందనుకుందాం. బిడ్డ పుట్టాక మిగిలేవి 23 వారాలు, 161 రోజులు. ఆఫీసు పిలిచేనాటికి 180 పూర్తి కావడానికి ఇంకా 19 రోజులుంటాయి. చాలా ఇళ్లలో డబ్బా, సీసా అడుగుపెట్టేది ఈ సందులోనే. తల్లికి పాలు తగ్గడం వల్ల కాదు.

ఈ వయసు బిడ్డ రోజుకు సగటున 750 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది. తల్లి ప్రయాణంతో కలిపి పది గంటలు బయట ఉంటే, ఆ పది గంటల వాటా దాదాపు 310. మిగిలిన 440 పొద్దున, సాయంత్రం, రాత్రి రొమ్ము నుంచే వెళ్తాయి. ఆఫీసుకు వెళ్లడమంటే మాన్పించడం కాదని చెప్పడానికి ఈ లెక్క చాలు. ఆ 310ని పిండి పెట్టినా నడుస్తుంది. 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఆ పాలు బాగుంటాయి.

బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పని మధ్యలో రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం, 50 మంది, ఆపైన పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ గది, రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లే వీలు కూడా చట్టంలో ఉన్నాయి. బిడ్డేమో హోస్కోటలో, ఆఫీసు బెళ్లందూరులో ఉన్నప్పుడు ఈ నాలుగుసార్లకు అర్థం ఏమిటో తెలీదు. రాసినవాళ్లు సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డు జంక్షన్ చూసి ఉండరు. ఇక ఆ ఫ్లాట్లలోనే అంట్లు తోమే అమ్మాయికి ఆ ఇళ్ల నుంచి వచ్చే సెలవు ఎన్నాళ్లో ఎవరూ లెక్కపెట్టరు.

## ఆరు నెలల తర్వాత తిండి ఎంత, పాలెంత

తల్లిపాలలో ఇనుము తక్కువ. ఉన్నది బాగా ఒంటబడుతుంది గానీ, ఆరు నెలల దాకా బిడ్డను నడిపించేది పుట్టినప్పుడు వెంట తెచ్చుకున్న నిల్వే. అది తరిగే వేళకు తిండి అందాలి. పాలు "పలచబడ్డాయి" కాబట్టి అన్నం పెట్టడం లేదు, బిడ్డ అవసరం పెరిగింది కాబట్టి పెడుతున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, తల్లిపాలు తాగే బిడ్డకు 6 నుంచి 8 నెలల మధ్య తిండి ద్వారా రోజుకు 200 కేలరీలు కావాలి. 9 నుంచి 11 నెలల్లో అది 300, ఏడాది నుంచి రెండేళ్ల మధ్య 550. ఏడాది లోపు బిడ్డకు కావలసిన శక్తిలో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, పాల నుంచే వస్తుంది. రెండో ఏట మూడో వంతు వస్తుంది. అంటే అన్నప్రాశన రోజున పాలు పక్కకు తప్పుకోవు. ఏడాదిన్నర పాటు మెల్లగా చోటిస్తూ పోతాయి.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది: పల్చటి జావ. పది గ్రాముల రాగిపిండిలో 32 కేలరీలుంటాయి. దాన్ని నీళ్లలో కాచి చిన్న గిన్నె నిండా చేస్తే బిడ్డ పొట్ట నిండుతుంది, లెక్క మాత్రం 32 దగ్గరే ఆగుతుంది. ఏడున్నర కిలోల బిడ్డ పొట్టలో ఒక విడతకు పట్టేది 225 మిల్లీలీటర్లే. పల్చటి జావతో 200 కేలరీలు చేరాలంటే అలాంటివి ఆరు గిన్నెలు కావాలి, అన్ని తాగితే పాలకు చోటుండదు. అదే గిన్నెలో ఒక టీస్పూను నెయ్యి వేస్తే 45 కేలరీలు కలిసి విలువ రెట్టింపు దాటుతుంది. ముద్దపప్పు, మెత్తటి అన్నం, నెయ్యి అనే పాత వరస ఈ లెక్కకు బాగా నిలబడుతుంది. గుడ్డు, కాలేయం, చేప తినే ఇళ్లలో ఇనుము సంగతి కూడా తేలిగ్గా తీరుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 6 నుంచి 23 నెలల పిల్లల్లో చాలినంత ఆహారం అందుతున్నది 11.3 శాతానికే. ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో 67.1 శాతం, కర్ణాటకలో 65.5. మాన్పించడం ఆలస్యమైందని బెంగపడే ఇళ్లే ఎక్కువ. తిండి మొదలుపెట్టడం ఆలస్యమైందని, మొదలుపెట్టినది నీళ్లనీళ్లగా ఉందని బెంగపడేవాళ్లు తక్కువ.

## ప్యాకెట్ పాలు ఆరు నెలలకా, ఏడాదికా?

ఇందులో పెద్దలే ఒక్కమాట మీద లేరు. ఏడాది నిండేదాకా ఆవుపాలు, గేదెపాలు ప్రధాన పానీయంగా వద్దంటారు భారత పిల్లల వైద్యుల సంఘం, అమెరికా వైద్యులు. వాటిలో ఇనుము చాలా తక్కువ, తిండిలో ఉన్న ఇనుమును కూడా ఒంటబట్టనీయవు, కొందరు పసివాళ్ల పేగుల్లో కంటికి కనిపించనంత రక్తం పోయేలా చేస్తాయి, లేత కిడ్నీల మీద భారం వేస్తాయి. పెరుగు, పెరుగన్నం తిండిలో భాగంగా కొంచెం పెడితే ఎవరికీ అభ్యంతరం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు మాత్రం, తల్లిపాలు అందని 6 నుంచి 11 నెలల బిడ్డకు డబ్బా పాలైనా, జంతువుల పాలైనా ఇవ్వవచ్చన్నాయి. ఆ సంస్థ అన్ని దేశాల కోసం రాస్తుంది. డబ్బా కొనలేని ఇల్లు, దాన్ని కలపడానికి శుభ్రమైన నీళ్లు దొరకని ఊరు దాని లెక్కలో ఉంటాయి. కొనగలిగి, కాచిన నీళ్లు ఉన్న వైట్‌ఫీల్డ్ ఫ్లాటులో మొదటి మాటకే బలం ఎక్కువని నాకనిపిస్తుంది. డబ్బా మోయలేని ఇంట్లో ఆవుపాలు పట్టిన తల్లి నేరం చేసినట్టు మాట్లాడటం మాత్రం తప్పు. అక్కడ చూడాల్సింది ఇనుము ఇంకో దారిన అందుతోందా అన్నదే.

నీళ్లు కలపడం గురించి ఒక మాట. "చిక్కటి పాలు అరగవు" అని సగానికి సగం నీళ్లు పోస్తారు. నందిని నీలం ప్యాకెట్ టోన్డ్ పాలలో వెన్న 3 శాతం. వంద మిల్లీలీటర్లకు 58 కేలరీల చుట్టూ ఉంటాయి. సగం నీళ్లు పోస్తే అవి 29. రోజంతా అర లీటరు పట్టినా 145 దగ్గరే ఆగిపోతుంది. ఏడాది నుంచి రెండేళ్ల దాకా మెదడు ఎదుగుదలకు కొవ్వు కావాలి కాబట్టే ఆ వయసులో వెన్న తీయని పాలే మేలంటారు డాక్టర్లు.

డబ్బాల విషయంలో ఇంకో చిక్కుంది. శిశు ఆహార ప్రత్యామ్నాయాల గురించి 1992లో వచ్చి 2003లో గట్టిపడిన చట్టం ప్రకారం, రెండేళ్లలోపు పిల్లల డబ్బా పాలకు, ఆహారానికి, సీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదు. అందుకే టీవీలో కనిపించేవి రెండేళ్లు దాటిన పిల్లల పొడులే. ఏడాది దాటాక "ఎదిగే పిల్లల పాలపొడి" అవసరం లేదని 2023 మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్పాయి.

## సీసా: పాల పోరు కాదు, నిద్ర పోరు

పద్నాలుగు నెలల బిడ్డ, రోజుకు 900 మిల్లీలీటర్ల టోన్డ్ పాలు, అన్నీ సీసాలోనే. ఈ బొమ్మ చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఆ పాలలో 520 కేలరీలు. ఆ వయసుకు రోజంతటికీ కావలసినవి 900 చుట్టూ. సగానికి పైగా కడుపు పాలతోనే నిండింది. అన్నం తినట్లేదని అమ్మ ఇంకో సీసా పడుతుంది, సీసా తాగింది కాబట్టి బిడ్డ అన్నం ముట్టదు. ఇక ఇనుము: భారతీయ వైద్య పరిశోధన మండలి 2020 లెక్కలో ఈ వయసుకు రోజుకు 8 మిల్లీగ్రాములు కావాలి, ఆ 900 మిల్లీలీటర్ల పాలలో అర మిల్లీగ్రాముకు మించి ఉండదు. డాక్టరు "పాలు తగ్గించండి" అన్నది ఈ పాల గురించే. అత్తగారు దాన్ని రొమ్ముకు అన్వయించుకుంటే ఇంట్లో పేచీ మొదలవుతుంది.

పళ్ల సంగతి రెండో కారణం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలపీక నోట్లో పెట్టుకుని పడుకున్న బిడ్డ పై పళ్ల చుట్టూ పాలు నిలుస్తాయి, ముందు పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. అమెరికా పిల్లల వైద్యులు 12 నుంచి 18 నెలల మధ్య సీసా ఆపేయమనేది, పాలు రోజుకు 480 నుంచి 700 మిల్లీలీటర్ల మధ్య ఉంచమనేది ఈ రెండు కారణాల వల్లే.

ఒక్కసారిగా తీసేయాలా, మెల్లగానా అన్నదానికి గట్టి జవాబు లేదు. రెండు మూడు రాత్రుల ఏడుపుతో తేలిపోయే బిడ్డలున్నారు. పగటి సీసాలు ముందు గ్లాసులోకి మార్చి, రాత్రిది చివరికి మిగిల్చి, అందులో పాలు తగ్గించుకుంటూ నీళ్ల దాకా వచ్చే ఇళ్లూ ఉన్నాయి. పాలు మారినా, పాత్ర మారినా బిడ్డ సర్దుకుంటుంది. సీసాతోనే నిద్రపోవడం అలవాటైతే మాత్రం దాని చోట జోకొట్టడమో, పాటో, నాన్న భుజమో ఏదో ఒకటి రావాలి. మన పాత ఉగ్గుగిన్నెకు ఈ బాధ లేదు. దాన్ని నోట్లో పెట్టుకుని ఎవరూ నిద్రపోలేరు.

## రొమ్ము మాన్పిస్తే తల్లి ఒంట్లో ఏం జరుగుతుంది

రొమ్ములో పాలు మిగిలిపోతే తయారీ నెమ్మదిస్తుంది. ఖాళీ అయితే ఊపందుకుంటుంది. ఈ సంకేతం రెండు రొమ్ముల్లో దేనికది విడిగా పనిచేస్తుంది. అందుకే ఒక్కో పూట తగ్గించుకుంటూ వెళ్తే ఒంటికి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. రోజుకు ఐదుసార్లు తాగే 22 నెలల బిడ్డకు ఆరేసి రోజులకు ఒక పూట చొప్పున మాన్పిస్తే నెల పడుతుంది. మధ్యాహ్నపు పూట తేలిగ్గా పోతుంది, నిద్రకు ముందుది, తెల్లవారుజామునది చివరిదాకా మొండికేస్తాయి.

ఒక్క రోజులో ఆపితే తయారీ ఆగదు, నిండుతూనే ఉంటుంది. రొమ్ము రాయిలా బిగుస్తుంది, నాళాల చుట్టూ వాపు వస్తుంది, జ్వరంతో కూడిన రొమ్ము వాపు (మాస్టైటిస్) దాకా వెళ్లొచ్చు. ఈ వాపుకు వేడి కాపడం, గట్టిగా మర్దన అన్నది ఇంట్లో మాట, ఆసుపత్రిలోనూ అదే మాట ఉండేది. తల్లిపాల వైద్య నిపుణుల అంతర్జాతీయ సంఘం 2022లో దాన్ని మార్చింది: చల్లటి గుడ్డ మేలు, గట్టి మర్దన వాపును పెంచుతుంది, మొత్తం పిండేస్తే తయారీ ఇంకా పెరుగుతుంది. ఇబ్బంది తగ్గేంత పిండితే చాలు.

అటువైపు మాట కూడా వినాలి. మన అమ్మల్లో చాలామందిని రాత్రికి రాత్రే మాన్పించారు, బిడ్డను నాలుగు రోజులు అమ్మమ్మ పక్కలో పడుకోబెట్టారు, అందరూ బాగానే ఉన్నారు. క్యాన్సర్ మందుల వంటివి మొదలుపెట్టాల్సిన తల్లికి వేరే దారీ ఉండదు. ఒక్కసారిగా ఆపడం నేరం కాదు, దాని ఖర్చు ఎక్కువగా తల్లి ఒళ్లు కడుతుంది.

## వేప, ముసాంబరం, మల్లెపూలు, మాత్ర

చనుమొనకు వేపాకు ముద్ద రాయడం రాయలసీమ నుంచి కోస్తా దాకా ఉన్నదే. చేదు తగిలి బిడ్డ మొహం తిప్పేస్తుంది. వేపాకుతో పెద్ద ప్రమాదం లేకపోవచ్చు గానీ వేపనూనె సంగతి వేరు: అది పసివాళ్ల కడుపులోకి వెళ్లి వాంతులు, మూర్ఛ, మెదడు వాపు దాకా వెళ్లిన కేసులు 1980ల నుంచి వైద్య పత్రికల్లో ఉన్నాయి. ముసాంబరం, అంటే కలబంద ఎండు రసం, గట్టి విరేచనకారి. చేదు కోసమని రాస్తే పని కడుపులో చేస్తుంది.

మల్లెపూల సంగతి వీటన్నిటికన్నా ఆసక్తికరం. పాలు ఆగాలంటే రొమ్ముల మీద మల్లెపూలు కట్టుకోవడం దక్షిణాదిలో పాత అలవాటు. దీన్ని వెల్లూరు డాక్టర్లు నిజంగానే పరీక్షించారు. 1988లో అచ్చయిన ఆ పరిశోధనలో కొందరికి మల్లెపూలు, కొందరికి అప్పట్లో వాడే బ్రోమోక్రిప్టిన్ మాత్ర ఇచ్చి పోల్చారు. పాలకు కారణమైన ప్రొలాక్టిన్ హార్మోను రెండు వర్గాల్లోనూ తగ్గింది. మాత్రతో ఎక్కువ తగ్గింది, పాలు ఆగడంలో మాత్రం పూలు దానికి సరిసమానంగా నిలిచాయి. అయితే ఆ స్త్రీలు అప్పుడే కాన్పయినవాళ్లు. రెండేళ్ల నుంచి పాలిస్తున్న తల్లికీ అదే ఫలితం వస్తుందని ఆ పరిశోధన చెప్పదు. పూలతో నష్టమైతే లేదు. పూలను పట్టి ఉంచడానికి రొమ్మును బిగించి కట్టే గుడ్డతోనే చిక్కు, అది పాలు గడ్డకట్టడానికి దారి.

"పాలు ఆగే మాత్ర" కోసం మందుల షాపుకు వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సింది: బ్రోమోక్రిప్టిన్ వాడిన బాలింతల్లో కొందరికి పక్షవాతం, గుండెపోటు, మూర్ఛ కనిపించాక 1990ల్లో అమెరికా ఈ వాడకానికి అనుమతి తీసేసింది. ఇప్పుడు డాక్టర్లు కావాల్సిన చోట కాబర్గోలిన్ రాస్తారు. అది కాన్పైన వెంటనే పాలు రాకుండా చూడటానికి బాగా పనికొస్తుంది, ఏడాది పైబడి పాలిచ్చిన రొమ్ములో దాని పాత్ర చిన్నదే.

## ఏడాదా, రెండేళ్లా, ఇంకా ఎక్కువా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్లు, ఆపైన ఇద్దరికీ ఇష్టమైనంత కాలం అంటుంది. అమెరికా పిల్లల వైద్యులు ముందు కనీసం ఏడాది అనేవారు, 2022లో వాళ్లూ రెండేళ్ల మాటకు వచ్చారు. "ఏడాది దాటాక పాలలో సారం ఉండదు" అన్నది లెక్కకు నిలబడదు. రెండో ఏట రోజుకు 450 మిల్లీలీటర్ల దాకా తాగే బిడ్డకు శక్తిలో 29 శాతం, విటమిన్ ఏ 75 శాతం, బీ12 94 శాతం తల్లిపాల నుంచే వస్తాయి. ఈ చివరి అంకెకు ఒక షరతుంది. తల్లి పూర్తి శాకాహారి అయ్యి ఆమెకే బీ12 తక్కువైతే పాలలోనూ తక్కువే. అలాంటప్పుడు రెండేళ్లు ఇచ్చినా లోటు తీరదు, తల్లికి మందు ఇవ్వాలి.

ముందే ఆపాలనుకునేవాళ్ల కారణాలు కూడా చిన్నవి కావు. రాత్రి మూడుసార్లు లేచి పొద్దున తొమ్మిదికి మీటింగ్‌లో కూర్చునే తల్లి అలసట నిజమైనది. ఏడాది దాటాక రాత్రంతా రొమ్ము నోట్లో ఉంటే పళ్లు పుచ్చే అవకాశం పెరుగుతుందని పళ్ల డాక్టర్లు అంటారు. వాళ్ల మాటకూ ఆధారాలున్నాయి. రాత్రి పూటలు మాన్పించి పగటివి ఉంచుకోవడం ఈ రెండు మాటల మధ్య చాలామంది ఎంచుకునే దారి. బిడ్డే మానే దాకా ఆగుతామనేవాళ్లకు తెలియాల్సింది ఒకటే: ఏడాది లోపు బిడ్డ ఉన్నట్టుండి మొహం తిప్పితే అది మానడం కాకపోవచ్చు. జలుబో, చెవిపోటో, పన్ను రావడమో అయి ఉంటుంది. చాలాసార్లు కొద్ది రోజుల్లో తిరిగి పట్టుకుంటుంది.

## మళ్లీ కడుపుతో ఉంటే

"కడుపుతో ఉండగా ఇస్తే పాలు విషమవుతాయి, బిడ్డకు దిష్టి తగులుతుంది" అని మాన్పించే ఇళ్లు చాలా. పాలు విషం కావు. నాలుగైదు నెలల దగ్గర హార్మోన్ల వల్ల పరిమాణం తగ్గుతుంది, మురుపాల వైపు మారుతూ రుచి తేడా వస్తుంది, చనుమొనలు నొప్పిపెడతాయి. చాలామంది పెద్దపిల్లలు ఆ దశలో వాళ్లే వదిలేస్తారు. సాఫీగా నడిచే గర్భంలో పాలివ్వడం వల్ల హాని కనిపించలేదు. నెలలు నిండకుండా కాన్పు, గర్భస్రావం, రక్తస్రావం ముందు జరిగినవాళ్లకు డాక్టరు ఆపమనవచ్చు. కవలలు కడుపులో ఉన్నవాళ్లకూ అదే మాట.

చివరి పూట కూడా మానాక వారాలపాటు నాలుగు చుక్కలు రావడం మామూలే. ఆ రోజుల్లో కారణం లేకుండా ఏడుపు రావడం, నిద్ర చెడటం కొందరిలో కనిపిస్తుంది. ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ హార్మోన్లు తగ్గడం దీనికి ఒక కారణమని అనుకుంటున్నారు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే దాన్ని అలసట కింద కొట్టేయకుండా డాక్టరుకు చెప్పాలి. ఆపేశాక మనసు మారితే దారి మూసుకుపోదు. బిడ్డ పట్టుకుంటే, తరచూ పిండుతుంటే, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో మళ్లీ చేపు వస్తుంది. ముందున్నంత రాకపోవచ్చు.